మీ ఊరి జీవుల పట్టిక రాయడం ఎలా?

1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక సాలీడుకు శాస్త్రీయ నామం పెట్టాడు. ఒళ్లంతా మెరిసే నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు. అది దొరికింది అనంతపురం వైపు గుత్తి రైల్వే స్టేషన్ కలప యార్డులో. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాని జాడ శాస్త్రవేత్తలకు తెలియలేదు. చివరికి 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, చెట్ల తొర్రల్లో కనిపించింది. మొదటి సాలీడు కలపతో పాటు రైల్లో గుత్తికి చేరి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. పేరు సరిగ్గానే పెట్టారు, వర్ణన సరిగ్గానే రాశారు. అది నిజంగా ఎక్కడ బతుకుతుందన్న ఒక్క సంగతి మాత్రం ఆ రాతలో లేకుండా పోయింది.

జీవుల పట్టిక రాయాలనుకునే ఎవరికైనా నేను ముందుగా ఈ కథే చెబుతాను. చాలామంది "దీని పేరేంటి?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, పేరు దొరకగానే పని అయిపోయిందనుకుంటారు. పేరు తర్వాతైనా దొరుకుతుంది. పదేళ్ల తర్వాత ఒక నిపుణుడు మీ ఫోటో చూసి చెప్పగలడు. ఎక్కడ, ఎప్పుడు చూశారన్నది మాత్రం ఆ రోజు మీరు రాయకపోతే ఇంకెవరూ రాయలేరు.

మన దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. 1916 జూలై 1న మొదలైంది, ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. 2024 జూన్ 30న ఈ సంస్థ దేశంలోని జంతువులన్నిటి పట్టికను విడుదల చేసింది. అందులో 1,04,561 జాతులున్నాయి. అంత పెద్ద పట్టిక ఉన్నాక మన అవసరం ఏముందని అనిపించవచ్చు. ఆ పట్టిక ఒక జాతి దేశంలో ఉందని చెబుతుంది. మీ చెరువు గట్టు మీద ఉందా, ఏ నెలలో వస్తుంది, పదేళ్ల కిందట ఉండి ఇప్పుడు లేకుండా పోయిందా అన్నది చెప్పదు. అది రాయగలిగేది అక్కడ ఉండేవాళ్లే.

హద్దు గీసుకోండి

"మా జిల్లా జంతువులు" అని మొదలుపెడితే నెల తిరక్కుండానే మానేస్తారు. చిన్న చోటు ఎంచుకోండి: ఇంటి పెరడు, బడి ఆవరణ, ఒక చెరువు గట్టు, పొలానికి వెళ్లే డొంకదారిలో అర కిలోమీటరు. వారంలో రెండుసార్లయినా వెళ్లగలిగే చోటై ఉండాలి. ఎప్పుడో ఒకసారి చూసే పెద్ద అడవి కన్నా ఏడాది పొడవునా చూసే చిన్న గట్టే ఎక్కువ సంగతులు చెబుతుంది.

అలాగే మొదట్లో ఒకటి రెండు గుంపులే పట్టుకోండి. పక్షులు, సీతాకోకచిలుకలు అందరికీ సులువు. పగలు కనిపిస్తాయి, వాటి మీద పుస్తకాలు, వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. సాలీళ్లు, పేడపురుగులు, నత్తలు కష్టం. కానీ వాటి గురించి రాసేవాళ్లు తక్కువ కాబట్టి మీరు రాసే ప్రతి వరసకూ విలువ ఎక్కువ. ఒక ఏడాది పక్షులతో కన్ను కుదిరాక అటు వెళ్లండి.

నోటుబుక్కులో ఏం రాయాలి

గట్టి అట్ట ఉన్న చిన్న పుస్తకం, పెన్సిల్. వానలో తడిస్తే పెన్ను రాత అలుక్కుపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. ప్రతి నడకకూ కొత్త పేజీ తీసి, పైన తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, ఎంత దూరం నడిచారు, వాతావరణం ఎలా ఉంది, మీతో ఎవరున్నారు అన్నవి రాయండి. కింద ఒక్కో జీవికి ఒక్కో వరస: ఏం కనిపించింది, ఎన్ని, సరిగ్గా ఎక్కడ, ఏం చేస్తోంది, ఫోటో తీశారా లేదా, ఎంత నమ్మకంగా గుర్తుపట్టారు.

ఆ చివరి గడి అందరూ వదిలేస్తారు. నేను మూడు గుర్తులు వాడతాను. నమ్మకంగా తెలిస్తే టిక్కు, అనుమానం ఉంటే ప్రశ్న గుర్తు, తెలియకపోతే సున్నా. సున్నా పెట్టడానికి మొహమాటపడకండి. "సాలీడు, జాతి తెలియదు, జిల్లేడు ఆకు కింద, ఫోటో ఉంది" అన్నది పూర్తిగా పనికొచ్చే రికార్డు. నమ్మకం లేకుండా రాసిన అందమైన పేరు మాత్రం పట్టికను పాడు చేస్తుంది. ఆ తర్వాత చదివేవాళ్లకు అది ఊహ అని తెలిసే దారి ఉండదు.

"ఎక్కడ" అన్నది కూడా ఊరి పేరుతో ఆపొద్దు. "తూర్పు తూము దగ్గర, తుమ్మచెట్టు కింద" అని రాసి, ఫోన్లో మ్యాప్ తెరిచి అక్షాంశం, రేఖాంశం అంకెలు కూడా రాసుకోండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంచితే ఫోటోలోనే చోటు, సమయం నిక్షిప్తమవుతాయి. ఒక జాగ్రత్త: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోకు ఆ వివరాలు ఊడిపోతాయి. మీ ఫ్రెండ్ పంపిన ఫోటో చూసి మీరు ఎంట్రీ రాస్తుంటే, చోటు, తేదీ అప్పుడే అడిగి రాసుకోండి. లేదంటే ఆ ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమనండి.

చూడటం నేర్చుకోవడం: తెల్ల కొంగలతో మొదలు

నా మొదటి నోటుబుక్కులో ఒక పేజీ నిండా "కొంగలు 40" అని మాత్రమే ఉంది. ఆ రోజు చెరువు దగ్గర రెండు గంటలు గడిపాను. ఇప్పుడు ఆ పేజీతో ఏమీ చేయలేను, అదే నాకు బాధ. ఆ నలభైలో ఏవి ఎన్నో, ఏ జాతివో ఎన్నటికీ తెలియదు.

మనం తెల్ల కొంగ అని ఒకే పేరుతో పిలిచేవి కనీసం నాలుగు జాతులు. పశువుల వెంట, ట్రాక్టర్ల వెంట తిరిగేది పొట్టి మెడ, పసుపు ముక్కు ఉన్న కాటిల్ ఇగ్రెట్. వానాకాలంలో జత కట్టే రోజుల్లో దాని తల, మెడ గోధుమ బంగారు రంగులోకి మారతాయి. నీటిలో చురుగ్గా కాళ్లు కదిలించే సన్నటి కొంగ చిన్న తెల్ల కొంగ. ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు, చెప్పులు తొడుక్కున్నట్టు ఉంటుంది. మిగిలిన రెండు, పెద్ద కొంగ, మధ్య రకం కొంగ, ఈ రెండిటి దగ్గరే అందరూ తడబడతారు. ముక్కు రంగును నమ్ముకోలేం, ఈ రెండిటికీ కాలాన్ని బట్టి ముక్కు పసుపు నుంచి నలుపుకు మారుతుంది. నోటి చీలిక గీత చూడండి. పెద్ద కొంగకు ఆ గీత కన్ను దాటి వెనక్కి పోతుంది. మధ్య రకానికి కన్ను కిందే ఆగిపోతుంది. పెద్ద కొంగ మెడ మధ్యలో గట్టిగా విరిచినట్టు మలుపు కూడా ఉంటుంది.

గుడ్డి కొంగది ఇంకో తమాషా. గట్టు మీద కూర్చుంటే మట్టి రంగు, ఎవరికీ కనిపించదు. అడుగు దగ్గర పడగానే లేస్తుంది, రెక్కలు తెల్లగా మెరుస్తాయి. లేచిన క్షణంలోనే చూసినవాళ్లు దాన్ని కూడా తెల్ల కొంగల్లో కలిపేస్తారు. అందుకే కూర్చున్నప్పుడూ ఎగిరినప్పుడూ రెండూ చూసి రాయాలి.

ఈ ఐదిటినీ తడబడకుండా చెప్పగలిగే రోజుకు మీకు గుర్తుపట్టే పద్ధతి సగం వచ్చేసినట్టే. ఎందుకంటే ఏ జంతువుకైనా ఇవే ప్రశ్నలు: పరిమాణం ఎంత, ఆకారం ఎలా ఉంది, ఏ భాగం ఏ రంగు, ఏం చేస్తోంది, ఎక్కడ చేస్తోంది. రంగు ఆఖరున చూడండి. రంగు మనల్ని ఎక్కువగా మోసం చేస్తుంది. మామూలు తొండ మగది జత కట్టే కాలంలో తలంతా ఎరుపెక్కుతుంది, దాన్ని చూసి ఊసరవెల్లి అనేస్తారు. నిజమైన ఊసరవెల్లికి కాలి వేళ్లు రెండు కట్టలుగా విడిపోయి పట్టకారులా కొమ్మను పట్టుకుంటాయి, తోక చుట్ట చుట్టుకుంటుంది, రెండు కళ్లూ వేరువేరుగా తిరుగుతాయి. అలాగే తొలకరికి పెద్ద బోదురు కప్ప మగది నిమ్మపండులా పచ్చగా మారి బెకబెకలాడుతుంది. అది వేరే జాతి కాదు, నిన్నటిదాకా బురద రంగులో ఉన్న కప్పే.

ఫోటో తీసేటప్పుడు

అందంగా రావాల్సిన పని లేదు, గుర్తు కనబడితే చాలు. సీతాకోకచిలుకకు రెక్కల పైభాగం, అడుగుభాగం రెండూ కావాలి. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే పక్కనుంచి తీసి, తెరిచేదాకా ఓపిక పట్టండి. తూనీగకు పక్కనుంచి, పైనుంచి, తోక చివర దగ్గరగా. తోక చివరి కొక్కేల ఆకారంతోనే నిపుణులు చాలా జాతుల్ని వేరు చేస్తారు. సాలీడుకు ముఖం ఎదురుగా ఒక ఫోటో తప్పనిసరి, కళ్లు ఎన్ని వరసల్లో ఎలా ఉన్నాయో దాన్నిబట్టి ఏ కుటుంబమో తేలుతుంది. కప్పకు పక్కనుంచి ఒకటి, వెనక కాలి వేళ్ల మధ్య పొర కనిపించేలా ఒకటి. వీలైతే దాని అరుపు ఫోన్లో ఒక నిమిషం రికార్డ్ చేయండి. చూపుకు ఒకేలా ఉండే కప్పలు కూడా అరుపులో వేరుగా ఉంటాయి. నత్తకు గుల్ల నోరు వైపు నుంచి, పైనుంచి.

అడుగుజాడలు, పెంటికలు, ఈకలు, గూళ్లు కూడా తీయండి. జంతువు కనిపించకుండానే అది ఉందని చెప్పే సాక్ష్యం అదే. పక్కన కొలత కోసం బడి పిల్లల పదిహేను సెంటీమీటర్ల స్కేలు పెట్టండి. చాలామంది రూపాయి బిళ్ల పెడతారు, కానీ మన బిళ్లల సైజు ఏళ్లను బట్టి మారుతూ వచ్చింది, ఏది పెట్టారో తర్వాత ఎవరికీ తెలియదు.

పట్టుకోవడం, సీసాలో వేయడం, గూడు కదపడం, గుడ్లు ముట్టుకోవడం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలా జీవులకు రక్షణ ఇస్తుంది. రామచిలుకను పంజరంలో పెట్టడం కూడా నేరమే. నమూనాలు సేకరించేది అనుమతి ఉన్న పరిశోధకులు. మన పని చూపు, ఫోటో, రాత.

పేరు దగ్గరకు

ఇప్పుడు పేరు. ఒక్కసారిగా జాతి పేరు మీదకు దూకకండి. పై మెట్టు నుంచి దిగండి. కాళ్లు ఆరా ఎనిమిదా? తొలి వానలకు ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కలా నేల మీద పాకే ఆరుద్ర పురుగును దగ్గరగా చూడండి. పెద్దవాటికి ఎనిమిది కాళ్లు. అంటే పురుగు అని పిలిచినా అది కీటకం కాదు, సాలీళ్లకు, తేళ్లకు చుట్టం. ఈ ఒక్క లెక్కతో వెతకాల్సిన పుస్తకమే మారిపోయింది. రెక్కలున్నాయా? ఉంటే కూర్చున్నప్పుడు ఎలా పెట్టుకుంటుంది? తూనీగ రెక్కలు చాపి కూర్చుంటుంది, దాని సన్నని చుట్టమైన డామ్‌సెల్‌ఫ్లై ఎక్కువగా రెక్కలు వెనక్కి ముడుచుకుంటుంది. ఇలా ప్రతి మెట్టులో రెండు దారులు, ఒకటి ఎంచుకుని ముందుకు వెళ్లడం. శాస్త్రవేత్తలు వాడే గుర్తింపు పట్టికలు చాలావరకు ఇలా నడిచేవే.

చివరి మెట్టులో ఎప్పుడూ ఒక ప్రశ్న వేసుకోండి: దీనిలాగే ఉండే ఇంకో జీవి ఏది? అది కాదని ఎలా చెప్పగలను? దీనికి జవాబు లేకపోతే ప్రశ్న గుర్తు పెట్టాల్సిందే.

జిల్లేడు చెట్టు దగ్గర నారింజ రంగు సీతాకోకచిలుక కనిపిస్తే చాలామంది ప్లెయిన్ టైగర్ అని రాసేస్తారు. దాని గొంగళి జిల్లేడు ఆకులు తింటుంది, ఆ పాల విషం ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి వెళ్లవు. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో సీతాకోకచిలుకలో ఆడది అచ్చం దీని వేషమే వేస్తుంది. తేడా వెనక రెక్కలో ఉంది. ప్లెయిన్ టైగర్‌కు రెక్క మధ్యలో నల్ల చుక్కల గుంపు ఉంటుంది. వేషం వేసినదానికి మధ్యలో అవి ఉండవు, పై అంచు దగ్గర ఒక్క నల్ల మచ్చ ఉంటుంది. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే కామన్ మార్మన్ ఆడదానికి ఒక రూపం ఎరుపు మచ్చలతో కామన్ రోజ్‌లా ఉంటుంది. అప్పుడు రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి. రోజ్‌కు శరీరం ఎర్రగా ఉంటుంది, మార్మన్‌కు నల్లగా. గొంగళి ఏ చెట్టు మీద ఉందో రాసుకోండి, ఒక్కోసారి చెట్టు పేరే సగం జవాబు ఇస్తుంది.

పాముల దగ్గర ఈ చివరి ప్రశ్నను వేరేలా అడగాలి. కట్లపాముకు, విషం లేని వుల్ఫ్ స్నేక్‌కు పోలిక ఎక్కువ. కట్లపాము తెల్ల గీతలు మెడ దగ్గర మసగ్గా ఉండి లేదా అసలు లేకుండా ఉండి, తోకవైపు స్పష్టమవుతాయి, తరచూ జంటలుగా ఉంటాయి. వుల్ఫ్ స్నేక్‌కు మెడ దగ్గరే మొదలై తోకవైపు మాసిపోతాయి. కట్లపాము వెన్ను మధ్య పొలుసులు పెద్దగా, ఆరు పలకలుగా ఉంటాయి. ఇది చదివి దగ్గరకు వెళ్లి చూడమని నా ఉద్దేశం కాదు. దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫోటోను ఇంట్లో కూర్చుని పోల్చడానికే ఇది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగూ మన పొలాల్లో మనుషుల ప్రాణాలు తీస్తాయి. ఎవరినైనా కరిస్తే పామును వెతకడం, చంపడం, గుర్తుపట్టడం అన్నీ పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

తెలుగు పేర్లు సేకరించండి

ఈ పని మీద నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇది మన భాష వాళ్లే చేయగలిగిన పని. పశువులు కాసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, యానాదులు, చెంచులు, ఇంట్లో పెద్దవాళ్లు, వీళ్లను అడగండి. ఫోటో చూపించి "ఇది ఫలానాదేనా?" అని అడక్కండి. అలా అడిగితే మర్యాద కోసం అవునంటారు. "దీన్ని మీరు ఏమంటారు?", "ఎప్పుడు కనిపిస్తుంది?", "దీనిలా ఉండే ఇంకోటి ఉందా?" అని అడిగి, వాళ్లు చెప్పిన పలుకుబడి మార్చకుండా రాయండి. ఊరు, మండలం కూడా పక్కన రాయండి. ఒకే పిట్టకు గోదావరి వైపు ఒక పేరు, రాయలసీమలో ఇంకో పేరు ఉండటం మామూలే. ఒకే పేరు రెండు జాతులకు వాడటం కూడా మామూలే. తీతువు అంటే ముఖాన ఎర్ర తోలు ఉన్నదా, పసుపు తోలు ఉన్నదా అని విడిగా అడగాలి.

ఈ పేర్లు ఎంత దూరం ప్రయాణించాయో చూడండి. 18వ శతాబ్దం చివర్లో ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాముల్ని పరిశీలించాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో పాములకు ఇక్కడి వాళ్లు చెప్పిన పేర్లే ఇచ్చాడు. పసుపు నలుపు పట్టీల కట్లపామును "బంగారు పాము" అని విన్నాడు. ఆ బంగారమే తర్వాత లాటిన్‌లో "బుంగారస్" అయింది. ఇవాళ ప్రపంచంలో కట్లపాములన్నిటి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు అదే. రక్తపింజరను ఆయన "కాటుక రేకుల పొడ" అని రాసుకున్నాడు, అంత చక్కటి పేరు ఇప్పుడు ఎంతమంది నోట వినిపిస్తోందో ఆలోచించండి. మన పందికొక్కు కూడా అంతే. ఇంగ్లీషులో బాండికూట్ అయింది, శాస్త్రంలో "బాండికోటా" అయింది.

కలివి కోడి సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. 1900 తర్వాత ఆ పక్షి కనబడలేదని, అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు కడప ప్రాంతంలో బొమ్మలు చూపించి ఊళ్లలో అడిగారు. రాత్రిపూట పొదల మధ్య తిరిగే ఆ పక్షిని అక్కడివాళ్లు ఎరుగుదురు. 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడి ద్వారానే అది మళ్లీ దొరికింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే ఏర్పడింది. ఊరివాళ్ల మాట మీ పుస్తకంలో అప్రధానమైన గడిలోకి వెళ్లకూడదు.

శాస్త్రీయ నామం రాసే పద్ధతి

ఒక్కో జీవికి రెండు మాటల పేరు: మొదటిది ప్రజాతి, రెండోది జాతి. ఈ పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకం పదో ముద్రణ వచ్చిన 1758 ఏడాదినే జంతువుల పేర్ల లెక్కకు మొదలుగా తీసుకుంటారు. నాగుపాము "నాజా నాజా", పాలపిట్ట "కొరాసియస్ బెంగాలెన్సిస్". ప్రజాతి వరకే తెలిస్తే ఆ ఒక్క మాట రాసి ఆపేయండి.

పేర్లు మారతాయి కూడా. పశువుల వెంట తిరిగే కొంగనే తీసుకోండి. చాలాకాలం ప్రపంచమంతా ఒకే జాతి అన్నారు. తర్వాత మన వైపుది వేరే జాతి అని విడదీశారు. ఈమధ్య ప్రజాతి కూడా మార్చి "ఆర్డియా కొరొమాండా" అంటున్నారు. ఆ రెండో మాట మన కోరమాండల్ తీరమే. దీనితో టెన్షన్ పడకండి. ఏ ఏడాది, ఏ పుస్తకం లేదా ఏ వెబ్‌సైట్ చూసి పేరు రాశారో పక్కన రాసి పెడితే తర్వాతివాళ్లు సరిచేసుకుంటారు. మీ పాత పేరును కొట్టేయకండి, కొత్తది పక్కన రాయండి.

పదిమందికీ అందేలా పెట్టడం

పుస్తకం పెట్టెలో ఉంటే పట్టిక కాదు. పక్షులకు ఈబర్డ్ అనే వెబ్‌సైట్ వాడండి. అది "మీరు గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా?" అని అడుగుతుంది. కాకి, గోరింక, పావురం లాంటివాటిని కూడా రాసి, అవును అనండి. అరుదైనవే రాస్తే మామూలు పక్షులు తగ్గిపోతున్నాయో లేదో ఎవరికీ తెలియదు. మిగతా జంతువులకు ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఐనాచురలిస్ట్‌లో ఫోటో పెడితే మిగతావాళ్లు పేరు సూచిస్తారు. జాతి పేరు మీద మూడింట రెండొంతుల మందికి పైగా ఒప్పుకుంటే అది పరిశోధనకు పనికొచ్చే రికార్డుగా లెక్క. అది చూపించే కంప్యూటర్ సూచనను మాత్రం గుడ్డిగా ఒప్పుకోకండి. ఒక్కోసారి మన దేశంలో లేని జాతి పేరు చెబుతుంది. ఆ జాతి మీ చుట్టుపక్కల ఎప్పుడైనా నమోదైందా అని చూసి, అనుమానం ఉంటే పై మెట్టు పేరు పెట్టండి. మీ రికార్డుకు ఎవరైనా వేరే పేరు పెడితే ఏ గుర్తు చూసి చెప్పారో అడగండి. నేను నేర్చుకున్నదాంట్లో పెద్ద భాగం అలా అడిగి నేర్చుకున్నదే.

కొన్నిటి చోటు బయట పెట్టకూడదు. నక్షత్ర తాబేలు, అలుగు, దేవాంగ పిల్లి, గుడ్లగూబ గూడు, ఆ గుత్తి నీలి సాలీడు, వీటికోసం దొంగచాటుగా వెతికేవాళ్లు ఉన్నారు. ఐనాచురలిస్ట్ ప్రమాదంలో ఉన్న చాలా జాతుల చోటును తనంతట తానే ఇరవై కిలోమీటర్ల పైచిలుకు గడిలో దాచేస్తుంది. కానీ మీరు ఫేస్‌బుక్‌లో పెట్టే ఫోటోను ఎవరూ దాచరు. ఖచ్చితమైన చోటు మీ నోటుబుక్కులో ఉంచండి, బయట జిల్లా పేరు చాలు.

ఏడాది తిరిగేలా

మన కార్తెలు ఈ పనికి సిద్ధంగా ఉన్న క్యాలెండర్. మృగశిరకు, ఆరుద్రకు నేల మీద చూడండి. కప్పలు, ఆరుద్ర పురుగులు, రెక్కల చీమలు, ఉసుళ్లు అన్నీ ఆ కొద్ది వారాల్లోనే. వానలు కాస్త తెరిపిచ్చాక గుంపులుగా ఎగిరే తూనీగలు, తంగేడు పూల చుట్టూ సీతాకోకచిలుకలు. చలికాలం ఉదయాలు చెరువులకు ఇవ్వండి, దూరదేశాల బాతులు, ఉల్లంకి పిట్టలు అప్పుడే వస్తాయి. నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురం లాంటి చోట్ల పెద్ద పక్షులు గూళ్లు కడతాయి, ఒక్కసారైనా వెళ్లి కళ్లకు అలవాటు చేసుకోండి. ఎండాకాలంలో ఏమీ ఉండదనుకుని మానేయకండి. నీళ్లు మిగిలిన ఒకే గుంట దగ్గర సాయంత్రం కూర్చుంటే ఊళ్లో ఉన్న జీవులన్నీ వరసగా వచ్చి పోతాయి. ఏమీ కనిపించని రోజు కూడా తేదీ వేసి "ఏమీ లేదు" అని రాయండి.

ఏడాది పూర్తయ్యాక మీ వరసలన్నీ ఒక చోట చేర్చండి. తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఏ నెలల్లో, ఎక్కడ, ఎన్నిసార్లు, ఎంత నమ్మకం. సున్నాలు, ప్రశ్న గుర్తులు తీసేయకండి. ఏ పుస్తకంలోనూ దొరకని, ఎవరూ పేరు చెప్పలేని జీవి మిగిలితే ఫోటోలన్నీ, చోటు వివరాలతో జూలాజికల్ సర్వే ప్రాంతీయ కేంద్రానికి రాయండి. హైదరాబాద్‌లో మంచినీటి జీవుల కేంద్రం ఉంది. దగ్గర్లోని యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగాన్నీ అడగవచ్చు.

ఇంకో చోటికి కూడా ఆ పట్టిక వెళ్లాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో, పట్టణంలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. మీ పంచాయతీ కార్యదర్శి దగ్గరకు వెళ్లి మీ ఊరి రిజిస్టర్ చూపించమనండి. అందులో జంతువుల పేజీలు తెరిచి, మీ పట్టికతో పక్కపక్కన పెట్టి చూడండి. లేనివి గుర్తుపెట్టి, మీ పట్టిక నకలు రెండు తీసి, ఒకటి కమిటీకి ఇచ్చి చేర్చమని రాతపూర్వకంగా అడగండి. రెండో నకలు మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని మీ నోటుబుక్కులో పెట్టుకోండి.